ఎవరికీ చెప్పని నేరం
పందొమ్మిదో శతాబ్దపు స్కాట్లాండ్ ఊళ్లలో స్త్రీలు, చట్టం, శిక్ష

(మహిళా కార్యకర్తల చట్ట శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా మీరు ఇక్కడ సెక్షన్ల గురించి, ఎఫ్.ఐ.ఆర్.ల గురించి, కోర్టుల గురించి చర్చించుకుంటున్నారు. నన్ను చరిత్ర గురించి మాట్లాడమన్నారు. ఏ దేశపు చరిత్ర, ఏ కాలపు చరిత్ర అన్నది నాకే వదిలేశారు. నేను పందొమ్మిదో శతాబ్దపు స్కాట్లాండ్‌ను ఎంచుకున్నాను. ఎక్కడి స్కాట్లాండ్, ఎక్కడి మనం అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను చెప్పబోయేది రాజులూ యుద్ధాల చరిత్ర కాదు. ఊళ్లో పాలు పితికే పిల్ల, పట్నంలో అంట్లు తోమే మనిషి, గుడిసెలోంచి గెంటేస్తే తిరగబడ్డ ఆడవాళ్లు, వీళ్ల చరిత్ర. వీళ్లు నేరస్థులుగా ఎలా మారారో, ఎవరు మార్చారో చూస్తే మన పని గురించి మనం అడగవలసిన ప్రశ్నలు కొన్ని బయటికి వస్తాయని నా నమ్మకం.

ముందుగా, ఈ సంగతులు మనకెలా తెలిశాయో చెప్పాలి. స్కాట్లాండ్‌లో పాత కాగితాలు బాగా భద్రపరిచారు. అక్కడ ప్రతి పారిష్‌లోనూ, అంటే ప్రతి చర్చి పరిధిలోనూ, పాస్టరూ చర్చి పెద్దలూ కలిసి కూర్చునే ఒక సభ ఉండేది. దాన్ని కిర్క్ సెషన్ అంటారు. మన కులపెద్దల పంచాయితీ లాంటిదే అనుకోండి, కాకపోతే ప్రతి మాటా పుస్తకంలో రాసి పెట్టేవాళ్లు. రెండోది, నేరం జరిగిందనుకున్నప్పుడు ప్రభుత్వ న్యాయాధికారి సాక్షుల దగ్గర తీసుకున్న వాంగ్మూలాలు. మూడోది, పేదల సహాయం కోసం పెట్టుకున్న అర్జీలు. గ్లాస్గో నగరంలో 1851 నుంచి ఈ అర్జీలు దొరుకుతాయి. ఒక్కొక్క అర్జీ ఒక్కొక్క జీవితం: ఎక్కడ పుట్టింది, ఎక్కడ పనిచేసింది, మొగుడు ఎప్పుడు వదిలేశాడు, ఎంతమంది పిల్లలు.

ఈ మూడు రకాల కాగితాల్లోనూ ఒక పోలిక ఉంది. అడిగింది మగవాడు, రాసింది మగవాడు. స్త్రీ మాట ఆ ప్రశ్నకు జవాబుగా మాత్రమే మనదాకా వచ్చింది. ఆమెను అడగని ప్రశ్నకు ఆమె జవాబు మనకు ఎప్పటికీ దొరకదు. ఈ కాగితాలు చదివేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. మనం కేసు రాసేటప్పుడు కూడా మరిచిపోకూడదు.

మౌనమే హత్య

1690లో స్కాట్లాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఒక స్త్రీ గర్భవతి అయి, నెలలు నిండేవరకూ ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, కాన్పు సమయంలో ఎవరినీ సాయానికి పిలవకుండా ఉండి, తర్వాత బిడ్డ చచ్చిపోయి కనిపించినా, అసలు కనిపించకపోయినా, ఆమె బిడ్డను చంపినట్టే లెక్క. శిక్ష ఉరి. చంపిందని నిరూపించనక్కరలేదు. బిడ్డ ప్రాణంతో పుట్టిందని కూడా నిరూపించనక్కరలేదు. ఆమె మౌనమే సాక్ష్యం, ఆమె మౌనమే హత్య.

ఈ చట్టం నుంచి తప్పించుకోవడానికి ఒకటే దారి. గర్భం సంగతి ఎవరో ఒక్కరికైనా చెప్పానని రుజువు కావాలి. ఒక్క మనిషి కోర్టులోకి వచ్చి, అవును, నాతో చెప్పింది అంటే చాలు, ఆ అభియోగం నిలవదు.

1738లో డంఫ్రీస్‌లో ఇసొబెల్ వాకర్ అనే అమ్మాయి మీద ఈ కేసు వచ్చింది. ఆమె అక్క హెలెన్ ఆ ఒక్క మాట చెబితే చెల్లెలు బతికేది. చెల్లెలు తనతో చెప్పలేదు కాబట్టి అబద్ధపు ప్రమాణం చేయనని హెలెన్ అంది. ఉరిశిక్ష పడింది. అప్పుడా అక్క క్షమాభిక్ష కోసం లండన్ దాకా నడిచి వెళ్లి, ఆర్గైల్ ప్రభువును పట్టుకుని, చెల్లెలి ప్రాణం కాపాడుకుంది. వాల్టర్ స్కాట్ 1818లో రాసిన ‘ది హార్ట్ ఆఫ్ మిడ్లోథియన్’ నవలకు మూలం ఈ సంఘటనే. నవల చదివినవాళ్లంతా అక్క సత్యసంధతను మెచ్చుకున్నారు. ఒక పేదింటి ఆడపిల్లకు సత్యానికీ చెల్లెలి మెడకీ మధ్య ఎంచుకునే పరిస్థితి కల్పించిన చట్టాన్ని కూడా మనం అడగాలి కదా!

1809లో ఆ పాత చట్టాన్ని రద్దు చేసి కొత్తది తెచ్చారు. ఉరి పోయింది. గర్భం దాచడం అనేది విడిగా ఒక నేరం అయింది. శిక్ష రెండేళ్లకు మించని జైలు. ఇది ముందడుగే, కాదనలేం. అయితే నేరానికి నిర్వచనం మాత్రం పాతదే: చెప్పలేదు, పిలవలేదు, బిడ్డ లేదు. ముద్దాయి ఇప్పుడూ తల్లి ఒక్కతే. బిడ్డ తండ్రి ఈ చట్టంలో ఎక్కడా లేడు. కాకపోతే ఒక విచిత్రం ఉంది. ఆమె ఆ తండ్రికి చెప్పినా సరే, చెప్పినట్టే లెక్క. అంటే ఆమెను వదిలేసి పోయినవాడే కోర్టుకొచ్చి నిజం చెబితే ఆమె బయటపడుతుంది. తనకు చెప్పిందని ఒప్పుకుంటే తను తండ్రినని ఒప్పుకున్నట్టే. ఎంతమంది మగవాళ్లు అందుకు సిద్ధపడతారో మీరే ఆలోచించండి.

ఎందుకు దాచింది?

ఈ ప్రశ్న ఆనాటి జడ్జీలు చాలాసార్లు వేశారు. జవాబు కోసం మాత్రం ఆమె బతికే తీరును చూడలేదు. మనం చూద్దాం.

ఆనాటి స్కాట్లాండ్ పల్లెల్లో పెళ్లికాని ఆడపిల్లకు దొరికే పని పెద్ద రైతుల ఇళ్లలో జీతానికుండటం. ఆరు నెలలకో ఏడాదికో ఒప్పందం. మే నెలలో, నవంబరులో కూలి సంతలు జరిగేవి. పశువుల సంత పక్కనే మనుషుల సంత. రైతు వచ్చి చూసి, బేరమాడి, కొంత బయానా చేతిలో పెట్టి తీసుకుపోతాడు. జీతంలో చాలాభాగం గడువు చివర్లోనే చేతికొస్తుంది. తెల్లవారకముందే లేచి ఆవుల పాలు పితకడం, వెన్న తీయడం, వంట, ఉతుకు, పొలం పని అన్నీ ఆమెవే. పాలేర్లు వేరే కొట్టంలో పడుకుంటారు. ఆమె వంటింట్లోనో అటకమీదో పడుకుంటుంది. ఆమె పడుకునే చోటుకు గడియ వేసుకునే తలుపు ఉంటే అదృష్టం.

గర్భం బయటపడితే ముందు పని పోతుంది. గడువు మధ్యలో పోతే జీతం చిక్కుల్లో పడుతుంది. ఆ ఇంటి యజమానురాలు మంచి నడవడి గలదని ఉత్తరం ఇవ్వకపోతే మరో ఇంట్లో పని దొరకదు. ఇక కిర్క్ సెషన్ ఉండనే ఉంది. పిలిపించి, తండ్రి ఎవరని అడుగుతారు. ఆదివారం పూట ఊరందరి ముందూ పశ్చాత్తాప పీఠం మీద కూర్చోబెట్టి మందలించడం పాత ఆచారం. మగవాణ్ణి కూడా పిలిచేవాళ్లు, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కవి రాబర్ట్ బర్న్స్ కూడా 1786లో మాక్లిన్ చర్చిలో ఇట్లాగే అందరి ముందూ చీవాట్లు తిన్నాడు. కానీ మగవాడు నేను కాదు అని బొంకగలడు, వేరే ఊరి సంతకు వెళ్లి కొత్త యజమానిని చూసుకోగలడు. ఆమె కడుపు ఆమెతోనే వస్తుంది. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అని మనవాళ్లు ఆడపిల్లలకు బుద్ధులు చెబుతారు. ముల్లుకు బుద్ధి చెప్పే సామెత మనకూ లేదు, వాళ్లకూ లేదు. పందొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ పీఠం మీద కూర్చోబెట్టడం తగ్గిపోయి, సెషన్ గదిలో మందలించడం వచ్చింది. పుస్తకంలో రాయడం మాత్రం ఆగలేదు.

1855 జనవరి ఒకటి నుంచి స్కాట్లాండ్‌లో జననమరణాల నమోదు తప్పనిసరి అయింది. అంకెలు బయటికి రాగానే మతపెద్దలు ఉలిక్కిపడ్డారు. పెళ్లి లేకుండా పుట్టే పిల్లలు పట్నాల్లో, మురికివాడల్లో ఎక్కువగా ఉంటారని వాళ్లు అనుకున్నారు. తీరా చూస్తే బాన్ఫ్, ఆబర్డీన్ వంటి ఈశాన్య వ్యవసాయ జిల్లాల్లో, నిష్ఠగా చర్చికి పోయే పల్లెల్లో ఎక్కువ. పల్లె ఆడపిల్లల శీలం చెడిపోయిందని గగ్గోలు పెట్టారు. కానీ ఈ పిల్లల్లో చాలామందిని అమ్మమ్మలు పెంచారు. ఊరు కూడా వాళ్లను వెలివేయలేదు. పెళ్లి చేసుకుని కాపురం పెడదామంటే జంటకు ఇల్లు ఇచ్చే రైతు లేడు, ఒంటరి పాలేర్లే కావాలి వాళ్లకు. శీలం ప్రశ్న అన్నది నిజానికి ఇంటి ప్రశ్న, కూలి ప్రశ్న.

అయితే అమ్మమ్మ లేనివాళ్లు, ఉన్నా ఇంట్లో చోటు లేనివాళ్లు ఏం చేయాలి? 1845లో పేదల చట్టం వచ్చింది. పారిష్ బోర్డులు, వాటికింద పేదల ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. కానీ ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు సహాయం పొందే హక్కు లేదని స్కాట్లాండ్ చట్టం. అదే పారిష్‌లో అయిదేళ్లు వరసగా బతికి ఉండాలని ఇంకో షరతు. ఆరు నెలలకో ఊరు మారే పనిపిల్లకు ఈ షరతు ఎట్లా కుదురుతుంది? సాయం దొరికినా తరచుగా దొరికేది పేదల గృహంలో చోటే, చేతికి డబ్బు కాదు.

ఇవన్నీ కలిపి చూస్తే ఆమె ఎందుకు దాచిందో తెలుస్తుంది. గడువు దాకా నెట్టుకొస్తే జీతమైనా దక్కుతుంది అనుకుంటుంది. ఇది దుర్మార్గం కాదు, లెక్క. ఒంటరిగా, చీకట్లో, తొలికాన్పు. బిడ్డ చచ్చిపుట్టిందో, పుట్టి చచ్చిందో ఆమెకే తెలియని స్థితి. తర్వాత డాక్టర్లు బిడ్డ ఊపిరితిత్తులను నీళ్లలో వేసి తేలితే ఊపిరి పీల్చిందనీ, మునిగితే లేదనీ చెప్పేవాళ్లు. ఆ పరీక్షను నమ్మడానికి లేదని ఆ రోజుల్లోనే డాక్టర్లు వాదించుకున్నారు.

శిక్షల తీరు

ఆ శతాబ్దంలో శిక్షలు మారుతూ వచ్చాయి. స్త్రీలను కొరడాతో కొట్టే శిక్షను 1820లో పూర్తిగా ఎత్తేశారు. ఊరి మధ్య టోల్‌బూత్ అనే పాత బందీఖానాలు పోయి, 1842లో పెర్త్‌లో పెద్ద కేంద్ర కారాగారం తెరిచారు. అక్కడ ఒంటరి గదుల పద్ధతి. దెబ్బ పోయి ఏకాంతం వచ్చింది.

చిన్న దొంగతనాలకు ద్వీపాంతరం పంపడం 1850ల దాకా నడిచింది. స్కాట్లాండ్ చట్టంలో దొంగ అని పేరుపడ్డ మనిషి అని ఒక మాట ఉండేది. ఒకటి రెండుసార్లు పట్టుబడి ఆ పేరు పడితే, మూడోసారి ఒక దుప్పటో గౌనో ఎత్తుకుపోయినా పెద్ద కోర్టుకు పంపి ఏడేళ్లు సముద్రాల అవతలికి తోసేవాళ్లు. బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి ఆస్ట్రేలియాకు అట్లా పంపిన స్త్రీలు దాదాపు పాతికవేలు. అందులో సగం మంది వాన్ డీమెన్స్ లాండ్‌కు, అంటే ఇప్పటి టాస్మేనియాకు వెళ్లారు. అక్కడ హోబార్ట్‌లో స్త్రీల ఫ్యాక్టరీ అనే జైలులో ఉతుకు, వడుకు పనులు చేయించారు, వలసదారుల ఇళ్లలో ఊడిగానికి పంపారు. చాలామంది తల్లులు. వాళ్ల పిల్లల్లో కొందరు ఓడ ఎక్కారు, కొందరు రేవులోనే మిగిలిపోయారు.

ఇక ఉరి. స్కాట్లాండ్‌లో జనం ముందు ఉరితీయబడిన ఆఖరి స్త్రీ మేరీ టిమ్నీ. 1862 ఏప్రిల్ 29న డంఫ్రీస్‌లో. ఆమెకు ఇరవయ్యేడేళ్లు, నలుగురు చిన్నపిల్లలు. పక్కింటి ఆమెతో తగాదాలు పెరిగి పెరిగి ఒకరోజు కొట్లాటలో ఆమెను చంపింది. కొట్టింది నిజం. దరిద్రం నిజం. క్షమాభిక్ష కోరుతూ ఊరివాళ్లు అర్జీలు పెట్టారు. ప్రభుత్వం వినలేదు. వేలమంది చూస్తుండగా ఉరితీశారు. ఆరేళ్ల తర్వాత, 1868లో, బహిరంగ ఉరిని బ్రిటన్ రద్దు చేసింది.

రెండు కేసులు, రెండు వర్గాలు

అదే 1862లో, అదే స్కాట్లాండ్‌లో మరో కేసు జరిగింది. దాని కథ చెప్పే ముందు 1857 నాటి ఇంకో కేసు గుర్తుచేస్తాను.

మాడెలిన్ స్మిత్ గ్లాస్గోలో పేరున్న ఆర్కిటెక్ట్ కూతురు. గుమాస్తాగా పనిచేసే తన ప్రియుడికి విషం పెట్టి చంపిందని కేసు. ఆర్సెనిక్ కొన్నట్టు దుకాణాల పుస్తకాల్లో ఆమె సంతకం ఉంది. దేశంలో పేరుమోసిన న్యాయవాది ఆమె తరఫున వాదించాడు. స్కాట్లాండ్‌లో ఆనాడు మూడు తీర్పులుండేవి: దోషి, నిర్దోషి, రుజువు కాలేదు. ఆమెకు ‘రుజువు కాలేదు’ అన్న తీర్పు వచ్చింది, స్వేచ్ఛగా వెళ్లిపోయింది. ఆ మూడో తీర్పును ఎత్తివేస్తూ స్కాటిష్ పార్లమెంటు చట్టం ఆమోదించింది 2025లో. అంతకాలం బతికింది అది. లైంగిక దాడి కేసుల్లో నిందితులకు అది కొమ్ము కాస్తోందని అక్కడి స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడారు.

ఇప్పుడు 1862 జులై. గ్లాస్గోలో శాండీఫోర్డ్ ప్లేస్ అనే మర్యాదస్తుల వీధి. ఫ్లెమింగ్ అనే అకౌంటెంటు కుటుంబం వేసవికి సముద్రతీరానికి వెళ్లింది. ఇంట్లో మిగిలింది ఇద్దరే: పనిమనిషి జెస్ మెక్‌ఫర్సన్, తన వయసు 87 అని చెప్పుకున్న తాతగారు జేమ్స్ ఫ్లెమింగ్. సోమవారం కొడుకు తిరిగొచ్చి చూస్తే నేలమాళిగలో, తాళం వేసిన గదిలో జెస్ శవం ఉంది. ఒంటినిండా నరికిన గాయాలు. మూడు రోజులుగా పనిమనిషి కనిపించకపోతే ముసలాయన ఎవరికీ చెప్పలేదు, వెతకలేదు. అడిగినవాళ్లతో బయటికెళ్లింది అన్నాడు.

పోలీసులు మొదట ఆయన్నే పట్టుకున్నారు. అంతలో ఆ ఇంటి వెండి సామాను తాకట్టు పెట్టిన మనిషి దొరికింది. జెస్సీ మెక్‌లాక్లన్. అదే ఇంట్లో ఒకప్పుడు పనిచేసింది, జెస్‌కు ప్రాణస్నేహితురాలు, ఓడ పనివాడి భార్య, పసిబిడ్డ తల్లి, బీదరాలు. నేలమీద నెత్తుటి పాదముద్ర ఆమెదేనని తేలింది. ముసలాయనను వదిలేశారు. వదలడమే కాదు, ప్రభుత్వం తరఫు ముఖ్యసాక్షిని చేశారు. స్కాట్లాండ్ న్యాయపద్ధతిలో అట్లా సాక్షి అయినవాడి మీద తిరిగి ఆ నేరం మోపడానికి వీల్లేదు.

ఆమె మాటేమిటి? ఆ రోజుల్లో ముద్దాయి తన కేసులో తాను సాక్ష్యం చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. ఆ హక్కు వచ్చింది 1898లో. అరెస్టయినప్పుడు భయంతో ఆమె ఇచ్చిన వాంగ్మూలాలు పొంతన లేకుండా ఉన్నాయి, వాటినే చదివారు. జడ్జి లార్డ్ డీస్ జ్యూరీకి చెప్పిన మాటలన్నీ ముసలాయనకు అనుకూలంగా ఉన్నాయి. జ్యూరీ పావుగంటలో దోషి అని తేల్చింది. తీర్పు వచ్చాక, అప్పుడు మాత్రమే, ఆమె వకీలు ఆమె చెప్పిన కథను కోర్టులో చదివాడు. ఆ రాత్రి తను స్నేహితురాలిని చూడబోయిందనీ, ముసలాయన తనను సారా తెమ్మని పంపాడనీ, తిరిగొచ్చేసరికి జెస్ గాయపడి ఉందనీ, అతను అంతకుముందు నుంచీ జెస్‌ను వేధిస్తున్నాడనీ, చివరికి అతనే చంపాడనీ, దొంగతనంలా కనిపించాలని వెండి తన చేతిలో పెట్టి నోరుమూయించాడనీ ఆ కథ. అంతా అబద్ధమని జడ్జి కొట్టిపారేసి ఉరిశిక్ష వేశాడు.

కానీ ఊరు నమ్మింది. గ్లాస్గో జనం సభలు పెట్టారు, వేలకొద్దీ సంతకాలు చేశారు. మళ్లీ విచారణ జరిపించారు. ఉరి ఆగి యావజ్జీవం అయింది. పెర్త్ జైల్లో పదిహేనేళ్లు గడిపి 1877లో విడుదలై, అమెరికా వెళ్లి, 1899లో అక్కడే చనిపోయింది.

ఈ కేసులో నన్ను వదలని చిన్న కాగితం ఒకటుంది. ఘటనకు పదేళ్ల ముందు, 1852లో, ఇదే ముసలాయన తన చర్చి సెషన్ ముందు నిలబడ్డాడు. పనిపిల్లతో బిడ్డను కన్న తప్పుకి మందలింపు పొందాడు. పుస్తకంలో రాశారు, క్షమించారు, మళ్లీ చేర్చుకున్నారు. ఆ పుస్తకం పదేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంది. పనిమనిషి పట్ల ఆయన నడవడి ఎట్లాంటిదో చెప్పే రాతపూర్వక సాక్ష్యం అది. కోర్టు మాత్రం ఆయన్ను పెద్దమనిషిగానే చూసింది. చంపింది ఎవరన్నది ఈరోజుకీ వాదమే, నేను తీర్పు చెప్పబోవడం లేదు. ఇద్దరిలో ఒకరి నోటికి సాక్షి బోను దొరికింది, మరొకరి నోటికి దొరకలేదు. నేను ఎత్తి చూపేది అది.

బిడ్డలను తీసుకునే మనిషి

1888లో ఎడిన్‌బరోలో స్టాక్‌బ్రిడ్జ్ అనే పేటలో ఆడుకుంటున్న పిల్లలకు ఒక మూట దొరికింది. విప్పితే పసిబిడ్డ శవం. జెస్సీ కింగ్ అనే స్త్రీని పట్టుకున్నారు. కొద్ది పౌండ్లు తీసుకుని, ఇంటిపనుల్లో ఉన్న పెళ్లికాని తల్లుల బిడ్డలను పెంచుతానని తీసుకుపోయేది. ఇద్దరు పసివాళ్లను చంపిందని నేరం రుజువైంది. 1889 మార్చి 11న కాల్టన్ జైల్లో ఉరితీశారు. ఎడిన్‌బరోలో ఉరితీయబడిన ఆఖరి స్త్రీ ఆమె.

ఆమెను వెనకేసుకు రావాలని చెప్పడం లేదు. చనిపోయింది పసిబిడ్డలు. కానీ ఆమెతో కాపురమున్న, ఆమెకంటే వయసులో చాలా పెద్దవాడైన మగవాడు అదే ఇంట్లో, అదే డబ్బుతో బతికాడు. అతను ప్రభుత్వ సాక్షిగా మారి బయటపడ్డాడు. ఇక ఆ బిడ్డల తల్లులు? పనిలో ఉండాలంటే బిడ్డ కనిపించకూడదు. బిడ్డను పెంచడానికి చట్టబద్ధమైన దత్తత కూడా లేదు. స్కాట్లాండ్‌లో దత్తత చట్టం వచ్చింది 1930లో. అంటే ఈ ‘వ్యాపారం’ను ఒక్క దుర్మార్గురాలు పుట్టించలేదు. బిడ్డతో సహా తల్లికి పనీ నీడా ఇవ్వని సమాజం పుట్టించింది.

తలవంచనివాళ్లు

స్కాట్లాండ్ స్త్రీలను బాధితులుగానే చూపించి వెళ్లిపోతే నేను తప్పు చేసినదాన్నవుతాను. ఉత్తరాన కొండప్రాంతాల్లో జమీందార్లు గొర్రెల మేత కోసం కౌలుదార్లను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. 1854 మార్చి 31న రాస్‌షైర్‌లో గ్రీన్‌యార్డ్స్ దగ్గర నోటీసులు పట్టుకుని పోలీసులు వస్తే ఎదురు నిలబడ్డది ఎక్కువగా ఆడవాళ్లే. లాఠీలతో తలలు పగలగొట్టారు. తర్వాత జైలుకు పంపిందీ ఊరివాళ్లనే, అందులో స్త్రీ కూడా ఉంది.

1882 ఏప్రిల్‌లో స్కై ద్వీపంలో బ్రేస్ అనే చోట కౌలుదార్లను అరెస్టు చేయడానికి గ్లాస్గో నుంచి యాభై మంది పోలీసులు వచ్చారు. అక్కడా ముందు వరసలో స్త్రీలు, రాళ్లతో. ఆ గొడవ దేశమంతా పాకింది. మరుసటి ఏడాది నేపియర్ కమిషన్ వేశారు. 1886లో కౌలుదార్లకు భద్రత ఇచ్చే చట్టం వచ్చింది. అయితే కౌలు ఎక్కువగా మగవాడి పేరునే ఉండింది. దెబ్బలు తిన్నది ఎవరు, పట్టా ఎవరి పేరున అన్న ప్రశ్న మనకు కొత్త కాదు.

మన దాకా వచ్చిన దారి

భారత శిక్షాస్మృతిని 1860లో చేశారు. అమల్లోకి వచ్చింది 1862 జనవరి ఒకటిన. అందులో 318వ సెక్షన్: బిడ్డ శవాన్ని రహస్యంగా పాతిపెట్టి పుట్టుకను దాచితే రెండేళ్ల వరకూ జైలు. పుట్టకముందు చచ్చినా, పుడుతూ చచ్చినా, తర్వాత చచ్చినా ఒకటే. ఇక్కడ ‘ఎవరైనా’ అని ఉంది కాబట్టి స్త్రీ ఒక్కతే ముద్దాయి కానక్కరలేదు. మౌనాన్ని కాక శవాన్ని దాచడాన్ని నేరమన్నారు. ఈ తేడాలు ముఖ్యమే. కానీ ఆలోచన బంధువే. శిక్షాస్మృతి పోయి 2024 జులై ఒకటిన భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 318 వెళ్లిపోయి 94 అయింది. అంకె మారింది, మాట మారలేదు.

ఈ ఆలోచన మన నేలమీద ఎట్లా పనిచేసిందో 1881లో సూరత్‌లో కనిపించింది. విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు శిశుహత్య నేరం కింద ఉరిశిక్ష వేశారు. పై కోర్టులో అది ద్వీపాంతర శిక్షగా మారింది. పత్రికలు స్త్రీల శీలం గురించి రాయడం మొదలెట్టాయి. ఆ రాతలకు జవాబుగా 1882లో తారాబాయి షిండే మరాఠీలో ‘స్త్రీ పురుష తులన’ రాసి, మగవాడి మాటేమిటని నిలదీసింది. అదే 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. అంతకు ముందే 1863లో పూనాలో ఫూలే దంపతులు, వితంతువులు రహస్యంగా వచ్చి కాన్పు జరుపుకుని పోవడానికి ఒక ఇల్లు తెరిచారు. చట్టం ఎందుకు దాచావని అడిగింది. సావిత్రీబాయి రా, ఇక్కడ కను అని తలుపు తెరిచింది. మన సంఘాల పని ఈ రెండో వైపు ఉండాలని నేననుకుంటాను.

చివరగా మూడు మాటలు చెబుతాను. ఇవి చర్చ కోసమే.

ఒకటి. చెత్తకుప్పలో పసికందు అని పేపర్లో వార్త వచ్చినప్పుడు కసాయి తల్లి అని హెడ్డింగు పెడతారు. మనం స్టేషనుకు వెళ్లినప్పుడు మొదట అడగవలసింది ఆమె ఎక్కడ ఉంది, ఆమె ఆరోగ్యం ఎట్లా ఉంది, కాన్పు ఎవరి సాయంతో జరిగింది అని. తండ్రి సంగతి ఎఫ్.ఐ.ఆర్.లో ఒక వాక్యమైనా ఉందా అని కూడా.

రెండు. ఒక స్త్రీ మొదట ఇచ్చిన వాంగ్మూలం భయంతో ఇచ్చింది కావచ్చు. జెస్సీ మెక్‌లాక్లన్‌ను ముంచింది ఆ మొదటి మాటలే. ఆమె స్టేషన్లో నోరు తెరిచే ముందు వకీలుగానీ మనలో ఒకరుగానీ పక్కన ఉండేలా చూడటం దయాదాక్షిణ్యం కాదు, హక్కు పని.

మూడు. 1690 నాటి ఆ చట్టం కింద ఒక్క మనిషికి చెప్పి ఉంటే ప్రాణం దక్కేది. చట్టం ఏ ఉద్దేశంతో పెట్టినా, అందులో ఒక నిజం ఉంది. చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉన్న స్త్రీకీ, ఎవరూ లేని స్త్రీకీ మధ్య తేడా చాలా పెద్దది. మీ ఊళ్లో, మీ బస్తీలో ఇళ్లల్లో పనిచేసే అమ్మాయి, హాస్టల్లో ఉండే అమ్మాయి, వలస వచ్చిన కూలి అమ్మాయి రాత్రి పది గంటలకు భయం లేకుండా ఎవరి తలుపు తట్టగలదు? మీ సంఘం పేరు ఆమెకు తెలుసా? ఇవాళ మధ్యాహ్నం గ్రూపుల్లో కూర్చున్నప్పుడు మీ మీ ఊళ్ల సంగతి తీసుకుని దీనికి జవాబు రాయమని కోరుతున్నాను.